బల్ల మీద మిగిలిన గ్లాసులు

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు పేరిట వందనాలు. నేను తాపీమేస్త్రిని. వయసు 38. ఐదేళ్ల కిందట ఉజ్జీవ సభల్లో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను. అంతకుముందు రోజూ తాగేవాణ్ణి. మానేసి, సంఘం ముందు నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. రెండేళ్లు బాగానే నడిచాను. ఒక ఇంటికి స్లాబ్ వేసిన రోజు ఓనరు పనివాళ్లకి మందు ఇప్పించాడు. ఆ రాత్రి పడిపోయాను. ఏడ్చి ఒప్పుకున్నాను. ఏడాది పైన ఆగాను. మా అమ్మ చనిపోయినప్పుడు రెండోసారి. మొన్న సంక్రాంతికి బావమరుదులతో మూడోసారి. ఆ తర్వాత పది రోజులు వరసగా తాగాను. ఇప్పుడు మానేసి రెండు నెలలు. నెల మొదటి ఆదివారం పాస్టరుగారు ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచడానికి బల్ల దగ్గర నిలబడగానే, బండి చూసి వస్తానని బయటికి వెళ్లిపోతున్నాను. సంఘపెద్ద ఒకాయన ‘నీ సాక్ష్యం పోయిందిరా’ అన్నారు. అయోగ్యంగా తింటే శిక్ష అని వాక్యంలోనే ఉంది కదా. వేషం వేసుకుని తిరిగేకన్నా గుడికి మొత్తానికి మానేస్తేనే నిజాయితీ అనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక సోదరుడు, పల్నాడు జిల్లా

(అదే కవర్లో ఇంకో చిన్న కాగితం ఉంది.) అమ్మగారూ, నేను ఆయన భార్యని. ఇది ఆయనకి చూపించే పెడుతున్నాను. మూడుసార్లు క్షమించాను. నాలుగోసారి క్షమించమని మీరు కూడా రాస్తే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. సాయంత్రం ఆయన ఇంటికి రావడం అరగంట లేటైతే నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడతాయి.

జవాబు:

నాయనా,

నీ ఉత్తరం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. బండి చూసి వస్తానని బయటికి వెళ్తున్నాను అని రాశావు చూడు, అక్కడ. ఎందుకో చెప్తాను.

మా వారు పల్లెటూరి సంఘాల్లో 31 ఏళ్లు పాస్టరుగా చేశారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి ఆరేళ్లయింది. ఆ 31 ఏళ్లూ నెల మొదటి ఆదివారానికి ముందు శనివారం రాత్రి నాకు ఒకటే పని. నల్లద్రాక్ష దొరికే రోజుల్లో పళ్లు కడిగి, కాసిని నీళ్లు పోసి ఉడకబెట్టి, పాత పంచెగుడ్డలో వడకట్టేదాన్ని. దొరకని నెలల్లో ఎండుద్రాక్ష నానబెట్టి అదే పని. మైదాపిండి ఉప్పు లేకుండా కలిపి, నూనె తగలకుండా పెనం మీద రెండు రొట్టెలు కాల్చేదాన్ని. గ్లాసులు బొటనవేలంత ఉంటాయి, నువ్వు చూసే ఉంటావు. చెక్క పళ్లెంలో గుంటలు, గుంటకో గ్లాసు. గరిటెతో పోస్తే ఒలికిపోతుందని దగ్గుమందు సీసా మూతతో పోసేదాన్ని. సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్లు ఎంతమందో, ఊరెళ్లినవాళ్లు ఎవరో నాకు తెలుసు కాబట్టి లెక్కపెట్టే పోసేదాన్ని. పోసేటప్పుడు ఒక్కో గ్లాసుకి ఒక్కో పేరు తలుచుకోవడం అలవాటైంది.

ఆరాధన అయ్యాక గ్లాసులు కడగడం కూడా నా వంతే. ఖాళీ గ్లాసుల మధ్య నిండుగా మిగిలినవి కనిపించేవి. ఎవరివో నాకు తెలిసిపోయేది. ఒకాయనకి సరిగ్గా ఆ వేళకే దగ్గు వచ్చేది. ఒకమ్మాయి ఒళ్లో పిల్లాణ్ణి మెల్లిగా గిల్లి, ఏడిపించి, సముదాయించడానికన్నట్టు బయటికి నడిచేది. ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర మా వారు ‘ఎన్ని మిగిలాయి?’ అని అడిగేవారు. నేను అంకె చెప్పేదాన్ని, పేర్లు చెప్పేదాన్ని. ఆ వారంలో ఆయన వాళ్ల ఇళ్లకి వెళ్లేవారు. ఎందుకు తీసుకోలేదని అడిగేవారు కాదు. అరుగు మీద కూర్చుని, ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసి, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చేవారు.

ఇక నా సంగతి. మా అమ్మ పోయాక ఆవిడ చేతి గాజులు రెండూ మా చెల్లెలు ఉంచేసుకుంది. జ్ఞాపకార్థ కూడిక రోజున నలుగురిలో నేను దాన్ని అనరాని మాట అన్నాను. నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. ఆ నాలుగేళ్లూ ఆదివారం పిల్లలకి ప్రభువు ప్రార్థన నేనే నేర్పాను. మా ఋణస్థులను మేము క్షమించినట్టు అనే చోటికి వచ్చేసరికి పిల్లల గొంతులు వినిపించేవి, నా పెదవులు మాత్రం కదిలేవి కావు. మొదటి ఏడాది ఎలాగో గడిచింది. తర్వాత బల్ల తీసుకోవడం మానేశాను. ఎవరికీ తెలియలేదు. పాస్టరమ్మగారు వెనక ఏదో సర్దుతోందనుకునేవాళ్లు. అందరి గ్లాసులూ నేనే నింపి, నేనే కడిగి, నేను మాత్రం తాగేదాన్ని కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా వారు ఎప్పటిలాగే అడిగారు. ‘పదకొండు’ అన్నాను. ఆయన కంచంలో మజ్జిగ పోసుకుంటూ తల ఎత్తకుండా, ‘పన్నెండు కదా. నీది నువ్వు పొయ్యడం లేదుగా’ అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. నువ్వు రాసినట్టే నేనూ అన్నాను. నేను అయోగ్యురాలిని, శిక్ష తెచ్చుకోలేను, వేషం వెయ్యలేను అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం తీసి నా చేత చదివించారు. చిన్నప్పటి నుంచి వంద సార్లు విన్నదే. ఆ రోజు మాత్రం వేలు పెట్టి, ఒక్కో వచనం దగ్గర ఆపి చదివించారు. నువ్వూ అలాగే చదువు.

ఆ శిక్ష మాట పౌలు ఎవరికి రాశాడో 21, 22 వచనాల్లో ఉంది. కొరింథులో కలిగినవాళ్లు తమ భోజనం తాము ముందే తినేస్తున్నారు. లేనివాళ్లు ఆకలితో చూస్తూ ఉండిపోతున్నారు. ఒకడు మత్తులో ఉన్నాడు, ఇంకొకడి కడుపు కాలుతోంది. లేనివాళ్లని అలా సిగ్గుపరిచి, పక్కవాడు పస్తుండగానే ప్రభువు రొట్టె విరిచారు. ఆయన ఎవరి కోసం చనిపోయాడో వాళ్లనే తొక్కుతూ ఆయన బల్ల దగ్గర కూర్చున్నారు. అయోగ్యంగా తినడం అంటే ఆ తినే తీరు. తప్పు చేసి కుమిలిపోయేవాడు దగ్గరికి రాకూడదని అక్కడ లేదు. ఆ తర్వాత 28వ వచనం చూడు. మనిషి తనని తాను పరీక్షించుకోవాలి అంటాడు. పరీక్షించుకుని? మనం ఇక్కడే ఆగి, మిగతాది మన సొంతంగా కల్పించుకున్నాం, పరీక్షించుకుని లేచి వెళ్లిపోవాలి అని. పౌలు రాసింది అది కాదు. పరీక్షించుకుని, అలా చేసి, ఆ రొట్టె తినాలి, ఆ పాత్రలోది తాగాలి. తినడానికి చెప్పిన మాటని మనం తినకుండా ఉండటానికి వాడుకుంటున్నాం.

దీన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పడం లేదు. తాగి రాకు. మళ్లీ తాగాలని మనసులో రోజు ఖాయం చేసుకుని రాకు. మీ పాస్టరుగారు నీ మేలు కోరి కొన్నాళ్లు ఆగమని చెప్పి ఉంటే ఆ మాట విను. ఎప్పటిదాకా అని ఆయన్నే అడుగు. కానీ నీ ఉత్తరం చూస్తే నిన్ను ఆగమన్నది ఎవరూ లేరు. నిన్ను నువ్వే బయటికి పంపుకుంటున్నావు.

పేతురు సంగతి నీకు తెలుసు. ప్రభువుని పట్టుకెళ్లిన రాత్రి ఆ శిష్యుడు మూడుసార్లు ఆయన్ని ఎరగనన్నాడు. నీవి కూడా మూడే అని రాశావు కాబట్టి, అందులో రెండు విషయాలు నీకు చెప్పాలి. ఒకటి. ప్రధానయాజకుని ఇంటి ముంగిట్లో పేతురు చలి కాచుకున్నది బొగ్గుల మంట దగ్గర. యోహాను 18వ అధ్యాయం. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రం ఒడ్డున చేపలు కాల్చింది కూడా బొగ్గుల మంట మీదే. యోహాను 21. గ్రీకులో ఆ మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే వస్తుందని మా వారు తన బైబిలు అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు. తడిబట్టలతో ఒడ్డుకొచ్చిన పేతురుకి ముందు తగిలింది ఆ వాసనే అయి ఉంటుంది. ఎక్కడ పడిపోయాడో అదే గుర్తొచ్చి ఉంటుంది. ప్రభువు ఆ మంట దగ్గరే రొట్టె పెట్టి ‘రండి, భోజనం చెయ్యండి’ అన్నాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగింది భోజనమయ్యాకే. పెట్టడం ముందు, అడగడం తర్వాత. వరస గమనించు నాయనా.

రెండోది మన ప్రసంగాల్లో తక్కువ వినిపిస్తుంది. పెంతెకొస్తు రోజున పరిశుద్ధాత్మ దిగి వచ్చాక, మూడు వేలమంది ఒక్కరోజే చేరాక, కుంటివాడు లేచి నడిచాక కూడా పేతురు మళ్లీ తప్పు చేశాడు. గలతీ రెండో అధ్యాయం చదువు. అంతియొకయలో యూదులు కాని అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులతో కలిసి తినేవాడు. యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే, వాళ్లేమనుకుంటారోనని భయపడి, బంతిలోంచి లేచి పక్కకి జరిగాడు. ఆయన్ని చూసి పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా లేచిపోయాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఆలోచించు. ఆ రాత్రి చలిమంట దగ్గర కూడా మనుషులకి భయపడే అబద్ధమాడాడు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అదే భయం, అదే బలహీనత. ఆయన లోపల ఆ భయం వేరు ఇంకా పోలేదు. పెద్ద అపొస్తలుడికి ఇంతటి అవమానం జరిగాక, ‘ఇక నేను వేషధారిని, ఇంటికి పోయి చేపలు పట్టుకుంటాను’ అని వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. తన పేరుతో ఉన్న రెండో పత్రిక చివర్లో, తనని అందరి ముందూ గద్దించిన ఆ పౌలునే ‘మన ప్రియ సహోదరుడు’ అన్నాడు. నమ్మకంగా ఉండటం అంటే ఒక్కసారీ పడకుండా ఉండటమని నేను చిన్నప్పుడు అనుకున్నాను. పేతురుని చూశాక ఆ మాట అనలేను.

నిజాయితీ గురించి అడిగావు. లోపల ఒకటి పెట్టుకుని, అది లేనట్టు నటించేవాణ్ణి వేషధారి అంటారు. నువ్వు మూడుసార్లు పడ్డానని కాగితం మీద రాసి, భార్యకి చూపించి, నాకు పోస్టు చేశావు. వేషధారులు ఈ పని చెయ్యరు. ఇక సాక్ష్యం పోయిందన్న పెద్దాయన మాట. ‘నేను మానేశాను’ అన్నది నీ సాక్ష్యమైతే, నిజమే, అది పోయింది. ‘ఆయన నన్ను వదిలిపెట్టలేదు’ అన్నదే సాక్ష్యమైతే ఇప్పుడు నీ దగ్గర అది ఎక్కువే ఉంది. ఆ పెద్దాయన మీద కోపం పెట్టుకోకు. ఆయనకీ ఏదో ఒక నిండు గ్లాసు ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. పది రోజులు వరసగా తాగాను అని రాశావు. జరగకూడదు గానీ, మళ్లీ అలా జరిగితే, ఉపవాస ప్రార్థనలో కూర్చుని ఒక్కసారిగా ఆపెయ్యకు. ఇది గట్టిగా చెప్తున్నాను. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నపళంగా ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజో మూడో రోజో లేనివి కనిపిస్తాయి. మేము పనిచేసిన ఒక ఊళ్లో ఒక తమ్ముడు అలాగే ఉపవాసంలో కూర్చుని మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని అరిచాడు. అందరూ దయ్యం అన్నారు. చుట్టూ నిలబడి గద్దించడం మొదలుపెట్టారు. మా వారు ప్రార్థన ఆపించి, ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మందు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిందని, ఇంకా లేటు చేస్తే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరుగారు చెప్పారు. ఆ తమ్ముడు బతికాడు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలువు. మందు మీదికి మనసు పోకుండా చేసే మాత్రలు ఉన్నాయి, వాటిని డాక్టరు చెప్తేనే వాడాలి. వ్యసనాలు మాన్పించడానికి కేంద్రప్రభుత్వం వారి టోల్‌ఫ్రీ నంబరు 14446 ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. లూకా వైద్యుడే.

స్లాబ్ రోజు సంగతి ముందే ఓనరుతో మాట్లాడుకో. పనివాళ్లకి కూలి లెక్క నాలుగింటికే ముగించి, విందు మొదలవకముందే బయల్దేరు. మేస్త్రి లేకపోతే ఎలా అంటారు. కోడి కూర టిఫిన్‌లో పెట్టించుకుని ఇంటికి వెళ్లిపోతే ఎవరికీ నష్టం లేదు. సంఘంలో ఒక్కణ్ణి, మొత్తం సంఘాన్ని కాదు, ఒక్కణ్ణి నమ్మి ఆ రోజు సాయంత్రం వచ్చి తీసుకెళ్లమను. పండక్కి అత్తగారింటికి వెళ్తే రాత్రికి తిరిగి వచ్చెయ్యండి. మనం బలహీనులమని తెలిసి కూడా ఆ చోట కూర్చోవడం ప్రార్థనతో కప్పిపుచ్చుకునే విషయం కాదు.

అమ్మాయ్, ఇది నీకు. నాలుగోసారి క్షమించమని నేను రాయను. క్షమించడం నీకూ ప్రభువుకీ మధ్య జరగాలి, దానికి ఎంతకాలం పడితే అంతకాలం పడుతుంది. నాకు రెండు గాజులకే నాలుగేళ్లు పట్టింది. కానీ క్షమించడం వేరు, కూలి డబ్బు చేతికివ్వడం వేరు. డబ్బు నీ దగ్గర ఉండాలి. పిల్లల ఫీజు ముందు కట్టాలి. ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటే పుట్టింటికి వెళ్లు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. ఓర్చుకోమని చెప్పేవాళ్ల మాట వినకు. పాస్టరమ్మగా చెప్తున్నాను.

ఆయన లేటైతే చేతులు చల్లబడతాయన్నావు. ఫోన్ చేసి అడుగు. నాయనా, ఆమె అడిగితే నువ్వు విసుక్కోకు. పేతురు ఎన్నిసార్లు కాదన్నాడో ప్రభువు అన్నిసార్లు అడిగాడు. మూడోసారి అడిగేసరికి పేతురు నొచ్చుకున్నాడని కూడా రాసి ఉంది. నొచ్చుకున్నాడు, అయినా మూడోసారి కూడా జవాబు చెప్పాడు. ‘ఎక్కడున్నావు’ అని ఆమె రోజుకి మూడుసార్లు అడిగితే మూడుసార్లూ చెప్పు. నువ్వు బల్ల తీసుకున్నావు కాబట్టి ఆమె రేపటి నుంచి నిన్ను నమ్మాలని అడగకు.

నా సంగతి చివరికి ఏమైందో చెప్పలేదు కదూ. ఆ వారమే బస్సెక్కి మా చెల్లెలి ఊరు వెళ్లాను. ఇల్లు తాళం వేసి ఉంది. అరుగు మీద రెండు గంటలు కూర్చుని వచ్చేశాను. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. నేనన్న మాటకి క్షమించమని అడిగాను. అది గాజుల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాఫీ ఇచ్చింది. తర్వాతి మొదటి ఆదివారం నా గ్లాసు నేను పోసుకున్నాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో దాని చేతికి ఆ గాజులు కనిపిస్తే లోపల చురుక్కుమంటుంది. ఆ రాత్రి దాని పేరు మళ్లీ ప్రార్థనలో పెడతాను. ఇరవై ఏళ్లకి పైగా ఇదే జరుగుతోంది. ఒక్కసారి తెగిపోయి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనిపించింది. తెగలేదు. ప్రతిసారీ వెళ్తున్నాను.

వచ్చే మొదటి ఆదివారం గుమ్మం పక్కన కూర్చోకు. గోడ వైపు, ఇద్దరి మధ్యన కూర్చో. శనివారం రాత్రి ఒంటరిగా కూర్చుని జరిగిందంతా ప్రభువుకి పేరు పెట్టి చెప్పు. ఆ సమయానికి మీ ఊళ్లో కూడా ఎవరో ఒకామె గ్లాసులు నింపుతూ ఉంటుంది. పొద్దున గుడికి వెళ్లగానే బండి తాళం మీ ఆవిడ చేతికివ్వు.

తర్వాత నాకు రాయి. మళ్లీ పడినా రాయి.